రెజ్యూమ్ ఏ ఫార్మాట్‌ల పెట్టాలె అంటే, ముందు అది ఎవరి చేతుల పడ్తదో చూసుకోండ్రి

మొన్న ఆదివారం మా చిన్నమ్మ కొడుకు ఇంటికొచ్చిండు. బీటెక్ ఈసీఈ అయిపోయి ఏడాది దాటింది. నూట యాభై దాకా అప్లై చేసిన అన్నా, ఒక్క కాల్ గూడ వస్తలేదు, నా రెజ్యూమ్ జర చూడవా అని ఫోన్ నా చేతుల పెట్టిండు. చూస్తే కాన్వా అనే డిజైన్ యాప్‌ల చేసిండు, నిజం చెప్పాల్నంటే పెండ్లి కార్డు లెక్క మస్తుగుంది. ఎడమ పక్క నీలం రంగు పట్టీ, అందుల గుండ్రటి ఫోటో, దాని కింద స్కిల్స్‌కు అయిదు చుక్కలు పెట్టి నాలుగు నింపిండు, కుడి పక్క చదువు, ప్రాజెక్టులు. నేనేం అనలే. ల్యాప్‌టాప్‌ల ఆ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌ల పేస్ట్ చెయ్యి అన్న. వచ్చింది ఇట్లుంది:

స్కిల్స్ ఎడ్యుకేషన్
జావా బీటెక్ ఈసీఈ 2020
ఎస్‌క్యూఎల్ 2024 వరంగల్
హాబీస్ సీజీపీఏ
క్రికెట్ 7.1

వాడు కొద్దిసేపు దాన్నే చూసి, "అన్నా, నాకు క్రికెట్‌ల 7.1 వచ్చిందా" అన్నడు.

నవ్వులాటకే అన్నడు గని ముచ్చట గదే. మనం ఆన్‌లైన్ల అప్లై కొట్టినప్పుడు ఆ ఫైలు చాలాసార్లు మనిషికంటె ముందు సాఫ్ట్‌వేర్ చేతుల పడ్తది, దాన్నే ఏటీఎస్, అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అంటరు. రంగులు, బొమ్మలు, చుక్కలు దానికి పట్టయి, ఫైల్లకెళ్లి అక్షరాలు గుంజుకొని ఇది పేరు, ఇది ఫోన్ నంబరు, ఇది చదువు, ఇది కంపెనీ అని డబ్బాలల్ల సర్దుకుంటది. రెండు కాలమ్‌లు పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు మంచిగనే చదువుతయి, కొన్ని ఎడమ నుంచి కుడికి అడ్డంగ చదువుకుంటనే పోతయి, మనది దేని చేతుల పడ్తదో మనకు తెల్వదు.

నేనెవర్ని చెప్పెతందుకు అంటరా, డిగ్రీ చదివేటప్పుడు రెండేండ్లు కేయూ క్రాస్‌రోడ్డు దగ్గర ఒక డీటీపీ షాపుల సాయంత్రం పూట టైపింగ్ చేసిన. షాపుల అందరికీ ఒకటే వర్డ్ ఫైలు ఉండేది, పేరు మార్చుడు, నాయిన పేరు మార్చుడు, ప్రింట్ తీసుడు. ఆబ్జెక్టివ్ అందరిదీ ఒకటే, హాబీలు అందరికీ చదరంగమే, చదరంగం బల్ల మొకం చూడనోళ్ళకు గూడ. ఒకసారి తొందరల ముందొచ్చిన పిలగాని నాయిన పేరు మార్చకుండనే వెనకొచ్చినాయనకు ప్రింట్ ఇచ్చిన, ఆయన ఇంటర్వ్యూల కూసున్నంక చూసుకున్నడంట, తెల్లారి షాపుకొచ్చి తిట్టిన తిట్లు ఇప్పటికీ యాదికున్నయ్. తర్వాత హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీల నాలుగేండ్లు రిక్రూటర్‌గ చేసిన. అట్ల రాసే దిక్కు, చూసే దిక్కు రెండు దిక్కుల కూసున్న. కాబట్టి ఎవరన్న ఏ ఫార్మాట్ మంచిది అన్నా అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, ముందు ఎవరు చూస్తరు దాన్ని?

నౌకరీ, లింక్‌డ్‌ఇన్, కంపెనీ వెబ్‌సైట్, మడికొండ ఐటీ పార్కుల ఉన్న ఆఫీసులైనా, హైదరాబాద్ హైటెక్ సిటీ అయినా, ప్రైవేట్ బ్యాంకులైనా, ముందు సాఫ్ట్‌వేర్, తర్వాత రిక్రూటర్. దీనికి పనికొచ్చేది రివర్స్ క్రోనలాజికల్ ఫార్మాట్. పేరు పెద్దగుంది గని విషయం చిన్నదే, ఇప్పుడు చేస్తున్నది పైన, దానికి ముందు చేసింది దాని కింద, పాతది అన్నిటికంటె కింద. ఒకటే కాలమ్, మామూలు ఫాంటు ఏరియల్ గానీ కాలిబ్రి గానీ 10 లేకపోతే 11 సైజు, హెడ్డింగులు అందరికీ తెలిసినయే పెట్టాలె, ఎడ్యుకేషన్, ఎక్స్‌పీరియన్స్, స్కిల్స్, ప్రాజెక్ట్స్. కొంతమంది "నా ప్రయాణం" అన్నట్టు మై జర్నీ అని పెడ్తరు, సాఫ్ట్‌వేర్‌కు అది ఎక్స్‌పీరియన్స్ అని ఎట్ల తెలుస్తది?

యూట్యూబ్‌ల భయపెడ్తరు చూడండ్రి, ఏటీఎస్ దానంతటదే రిజెక్ట్ కొడ్తది అని, నేను చూసినకాడికి అంత లేదు. ఎక్కువ చోట్ల అది చేసేది సర్దిపెట్టుడే, మేము వెతికితే తీసి చూపిచ్చుడే. మేము సర్చ్‌ల జావా, స్ప్రింగ్ బూట్, హైదరాబాద్, 2 ఇయర్స్ అని కొడ్తం, ఆ మాటలు మీ ఫైల్ల అక్షరాలుగ లేకపోతే మీరు పైకి తేలరు, రిజెక్ట్ కారు, కింద పడి ఉంటరు. దానంతటదే పక్కకు పడేసేది ఎక్కువ అప్లికేషన్ ఫారంల అడిగే ప్రశ్నల దగ్గర, బ్యాక్‌లాగ్‌లన్నీ క్లియర్ అయినయా, 60 శాతం ఉందా అని అడిగి మీరు నో కొడితే అక్కడ్నే ఆగుతది. ఇగ ఒక చిట్కా, నోటిఫికేషన్ల వాళ్ళు ఏ మాట వాడిన్రో అదే మాట మీరూ వాడండ్రి, మీకు నిజంగ వస్తేనే సుమా. వాళ్ళు మాన్యువల్ టెస్టింగ్ అని రాస్తే మీరు క్వాలిటీ చెకింగ్ అని రాసి కూసుంటే కలవది.

నా సొంత గోస గూడ చెప్తా. నేను ఫస్ట్ జాబ్ వెతికేటప్పుడు వర్డ్‌ల పేరు, ఫోన్ నంబరు, మెయిల్ మొత్తం హెడర్‌ల పెట్టుకున్న, చూడనీకె నీట్‌గ ఉంటదని. నాలుగు నెలలు ఒక్క ఫోన్ లేదు. తర్వాత నేనే రిక్రూటర్ అయ్యి చూస్తే తెలిసింది, చాలా సాఫ్ట్‌వేర్లు హెడర్, ఫుటర్‌ల ఉన్నదాన్ని చదవనే చదవయి. అంటే నా ప్రొఫైల్ ఉంది, నంబరు లేదు, ఇగ ఎవరు చేస్తరు ఫోను! కాబట్టి పేరు, నంబరు, మెయిల్, ఊరు పేజీల మామూలుగ మొదటి రెండు లైన్లల్ల రాయండ్రి, టెక్స్ట్ బాక్సులు పెట్టొద్దు, టేబుల్ గీతలు పెట్టొద్దు.

ఫ్రెషర్ అయితే చదువు పైన, ప్రాజెక్టులు తర్వాత, ఒక్క పేజీ. జాబ్ చేసి రెండు మూడేండ్లయితే ఉద్యోగం పైకి, చదువు కిందికి. పదేండ్లు దాటినోళ్ళు రెండు పేజీలు పెట్టుకుంటే ఎవరూ ఏమనరు గని ఫ్రెషర్ మూడు పేజీలు పంపితే మూడోది నేనైతే ఎన్నడూ చూడలే.

మా తమ్ముని ప్రాజెక్టు కాడికి వస్తే, "స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ యూజింగ్ ఐఓటీ" అని ఒకటే లైను. ఈసీఈ చదివిన ఊరూరి పిలగానికి ఇదే ప్రాజెక్టు ఉంటది, నేను కనీసం వంద చూసిన. ఏం చేసినవ్‌రా ఇందుల అని అడిగితే ముందు నాలుగు నిమిషాలు ఏం చెప్పలే, తర్వాత మెల్లగ బయటపెట్టిండు, సాయిల్ మాయిశ్చర్ సెన్సార్, ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి మోటరు దానంతటదే ఆన్ అయ్యేటట్టు చేసిన్రంట, ఫోన్‌కు రీడింగ్ పంపే కోడ్ మొత్తం వీడే రాసిండంట. దాన్ని వాళ్ళ మిర్చి తోటల రెండు వారాలు పెట్టి నడిపిచ్చిండంట గూడ, కరెంటు పోయొచ్చినప్పుడల్లా బోర్డు హ్యాంగ్ అయితుంటే అది గూడ సరిచేసిండంట. అరె, ఇది రాయకుండ టీమ్‌వర్క్, హార్డ్‌వర్కింగ్ అని రాసినవేందిరా అన్న. అదే ఇంగ్లీష్‌ల మూడు లైన్లు చేసినం, ఏం చేసిన, దేంతోటి చేసిన, చివరికి ఏమైంది. నలుగురి టీంల వీని పని ఏందో గూడ రాసినం, ఎందుకంటే ఇంటర్వ్యూల మొదటి ప్రశ్న అదే వస్తది.

రెండో ఫార్మాట్ ఫంక్షనల్, దీంట్ల తేదీలు వెనక్కి పోయి స్కిల్స్ ముందుకొస్తయి. కమ్యూనికేషన్ కింద నాలుగు లైన్లు, లీడర్‌షిప్ కింద నాలుగు లైన్లు, ఎక్కడ ఎప్పుడు చేసిన్రో చివర్ల చిన్నగ. గ్యాప్ ఉన్నోళ్ళకు ఇది మంచిది అని చెప్తరు, నేను మాత్రం వద్దంట. దీన్ని చూడంగనే రిక్రూటర్‌కు వచ్చే మొదటి అనుమానం, ఏదో దాస్తుండు అని. మేము లోపల దాన్ని దాచుడు రెజ్యూమ్ అనేటోళ్ళం.

మరి గ్యాప్ ఎట్ల అంటే, మన దిక్కు గ్యాప్ లేనోడు ఎవడున్నడు చెప్పండ్రి. ఇంటికొకరు గ్రూప్స్‌కు, ఎస్సైకి, డీఎస్సీకి చదివినోళ్ళే. గ్రూప్ 2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌ల వస్తే వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగేసరికి 2024 డిసెంబర్ అయ్యింది, హైదరాబాద్ అశోక్‌నగర్ల రూములు తీసుకొని చదువుకుంట కూసున్నోళ్ళ రెండేండ్లు అట్లనే పోయినయ్. దాన్ని దాచుడెందుకు, ఎక్స్‌పీరియన్స్ వరుసల్నే ఒక లైను పెట్టండ్రి: 2022 నుంచి 2024, టీజీపీఎస్సీ గ్రూప్ 2, గ్రూప్ 4 పరీక్షల ప్రిపరేషన్. గంతే. పక్కన అప్పుడు ట్యూషన్లు చెప్పినా, కోచింగ్ సెంటర్ల పేపర్లు దిద్దినా, ఇంటికాడ షాపు లెక్కలు చూసినా అది గూడ రాయండ్రి. హైదరాబాద్‌ల చాలామంది రిక్రూటర్లు మన దిక్కోళ్ళే, వాళ్ళ ఇంట్ల గూడ ఒకరు అదే చదువు చదివి ఉంటరు, ఒక్క లైనుతోటి అర్థమైపోతది. ఖాళీగ వదిలిపెడితేనే ఇంటర్వ్యూల పది నిమిషాలు దాని మీదనే గుంజుతరు.

మూడోది కాంబినేషన్, ఇది నాకు ఇష్టం, గని అందరికీ కాదు. పైన నాలుగైదు లైన్లు మీకు వచ్చిన పని గురించి, కింద మామూలు తేదీల వరుస. ఒక పని నుంచి వేరే రకం పనికి మారేటోళ్ళకు, మధ్యల ఆగి మళ్ళ మొదలుపెట్టేటోళ్ళకు. మా బజార్ల ఒక అక్క ఉన్నది, పెండ్లికి ముందు హన్మకొండల ఒక ప్రైవేట్ దవాఖాన బిల్లింగ్ కౌంటర్ల మూడేండ్లు చేసింది, పిల్లలు పుట్టినంక అయిదేండ్లు ఇంటికాడ్నే. ఇప్పుడు చిన్నోడు బడికి పోతుండు, మళ్ళ పోదామనుకుంటుంది. ఆమె బయోడేటాల ముందు చదువే ఉండేది, డిగ్రీ, ఇంటర్, టెన్త్, ఆ మూడేండ్ల పని అట్టడుగున ఒక్క లైను. తిప్పి రాసినం. పైన రోజుకు ఎన్ని బిల్లులు కొట్టేది, ఆరోగ్యశ్రీ కేసుల పేపర్లు చూసేది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైళ్ళు తయారు చేసేది, రాత్రి క్యాష్ లెక్క అప్పజెప్పేది. దాని కింద దవాఖాన, తేదీలు, తర్వాత అయిదేండ్లకు "కుటుంబ బాధ్యతల కోసం విరామం" అని ఒక లైను. ఏం రాయాల్నో ఆమెకు తెల్వక కాదు, ఇదంతా పనే కాదనుకుంది. దుబాయ్‌ల, మస్కట్‌ల ఏండ్లకేండ్లు ఎలక్ట్రీషియన్‌గ చేసి జగిత్యాల, సిరిసిల్ల దిక్కు తిరిగొచ్చినోళ్ళు హైదరాబాద్‌ల ఫెసిలిటీ సూపర్‌వైజర్ లాంటివి వెతుక్కుంటే వాళ్ళకు గూడ ఇదే.

ఇప్పటిదాకా చెప్పిందంతా సాఫ్ట్‌వేర్ చూసే రెజ్యూమ్‌ల సంగతి. నేరుగ మనిషి చేతుల పడేవి వేరే ఉన్నయి, వాటికి బయోడేటానే నడుస్తది ఇంకా. నక్కలగుట్ట, సుబేదారి దిక్కు ఏదన్న ప్రైవేట్ స్కూల్ల టీచర్ పోస్టు అంటే కరస్పాండెంట్ టేబుల్ మీద కాగితమే పడ్తది. అక్కడ ఫోటో పెట్టొచ్చు, ఊరు పెట్టొచ్చు, డిగ్రీల ఏ సబ్జెక్టు, బీఎడ్‌ల ఏ మెథడాలజీ, టెట్ పేపర్ 1 నా 2 నా, ఎన్ని మార్కులు, ఇవి పైన్నే ఉండాలె. టెట్ సర్టిఫికెట్‌కు 2021ల లైఫ్ వ్యాలిడిటీ ఇచ్చిన్రు కాబట్టి పాత సంవత్సరం అని సిగ్గుపడి దాచేది లేదు. నర్సులు, ఫార్మాసిస్టులు కౌన్సిల్ల రిజిస్ట్రేషన్ అయ్యిందని పేరు కిందనే రాయాలె, దవాఖానల అడిగే మొదటి మాట అదే. డిక్లరేషన్, సంతకం బయోడేటాకు సరే, ఆన్‌లైన్ రెజ్యూమ్‌కు అవి దండగ, ఆ మూడు లైన్ల జాగల ఒక ప్రాజెక్టు పడ్తది.

విదేశం అయితే దేశాన్ని బట్టి. గల్ఫ్‌కు పంపే సీవీల ఫోటో, పుట్టిన తేదీ, నేషనాలిటీ, పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా ఉందో రాస్తరు, అది అక్కడ మామూలే. అమెరికా, కెనడా, బ్రిటన్ అయితే ఫోటో, వయసు, పెండ్లి అయ్యిందా లేదా ఇవేం ఉండొద్దు, వివక్ష చట్టాల భయానికి కంపెనీలు వాటిని చూడనీకె గూడ ఇష్టపడయి. ఎంఎస్‌కు పోయిన మన పిల్లలు కొందరు ఇక్కడి బయోడేటానే తండ్రి పేరుతోటి సహా అక్కడ పార్ట్ టైం జాబులకు పంపుతుంటరు. యూరప్‌కు యూరోపాస్ అని 2005 నుంచి ఒక ఫార్మాట్ ఉన్నది, ఆన్‌లైన్ల పైసలు లేకుండనే చేసుకోవచ్చు, వాళ్ళు అడిగితేనే వాడండ్రి.

ఏ ఫార్మాట్ అయినా తేదీలు మాత్రం ఇష్టమొచ్చినట్టు రాయొద్దు. ఒకటి రెండు నెలలు అటిటు జరిపితే ఎవరికి తెలుస్తది అనుకుంటరు గని పీఎఫ్ కట్టిన ఉద్యోగమైతే ఏ కంపెనీల ఎప్పుడు చేరిన్రో ఎప్పుడు దిగిన్రో పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్ కింద సర్వీస్ హిస్టరీల ఉంటది, బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్‌ల మొదట చూసేది అదే. గల్ఫ్ దేశాలకు పోయే నర్సులకు డేటాఫ్లో అనే కంపెనీ చేసే సర్టిఫికెట్ల వెరిఫికేషన్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌ను దవాఖానకే పంపి అడుగుతరు, సీవీల ఒక తేదీ, సర్టిఫికెట్‌ల ఒక తేదీ ఉంటే అక్కడ్నే ఇరుక్కుంటది. అమీర్‌పేటల రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తం అని పైసలు గుంజేటోళ్ళ మాట వినకండ్రి, ఆఫర్ లెటర్ వచ్చినంక ఉద్యోగం పోగొట్టుకున్నోళ్ళను నేను కండ్లార చూసిన.

మార్కుల దగ్గర గూడ లొల్లి అయితది. కంపెనీ 60 శాతం అంటది, మన మెమోల సీజీపీఏ ఉంటది. జేఎన్‌టీయూహెచ్ వాళ్ళకు సీజీపీఏల నుంచి 0.5 తీసేసి 10 తోటి గుణిస్తే పర్సంటేజీ, అంటే 7.1 ఉన్న మా తమ్మునికి 66 శాతం, 71 కాదు. 60 కావాల్నంటే 6.5 ఉండాలె. వేరే యూనివర్సిటీ అయితే లెక్క వేరే ఉండొచ్చు, మెమో వెనక చూసుకోండ్రి, లేకుంటే కాలేజీ ఎగ్జామినేషన్ సెక్షన్ల అడగండ్రి. రెజ్యూమ్‌ల మాత్రం మెమోల ఎట్లుందో అట్లనే సీజీపీఏ రాసుడు మంచిది. ఆధార్ నంబరు, పాన్ నంబరు రాయకండ్రి, ఆ ఫైలు ఎన్ని వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతదో మీకు తెల్వది. ఇంటి నంబరు గూడ అక్కర్లేదు, వరంగల్ అంటే చాలు, హైదరాబాద్ వస్త అంటే అది గూడ పక్కన రాయండ్రి.

పీడీఎఫ్ పెట్టాల్నా వర్డ్ పెట్టాల్నా అంటే, వాళ్ళు అడిగింది పెట్టండ్రి, ఏం అడగకుంటే పీడీఎఫ్, గని అది వర్డ్ నుంచో గూగుల్ డాక్స్ నుంచో సేవ్ చేసింది కావాలె. ప్రింట్ తీసి ఫోన్‌ల స్కానర్ యాప్‌తోటి ఫోటో కొట్టిన పీడీఎఫ్ కాదు, అది బొమ్మ, అందుల అక్షరం ఒక్కటి లేదు సాఫ్ట్‌వేర్‌కు. నోట్‌ప్యాడ్ పరీక్ష మాత్రం పంపేముందు ప్రతిసారి చెయ్యండ్రి, అర నిమిషం పని. ఫైలు పేరు "రెజ్యూమ్ ఫైనల్ న్యూ 3" అని ఉండొద్దు, మీ పేరు, పక్కన మీరు అడిగే ఉద్యోగం ఉండాలె, మా కన్సల్టెన్సీల డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల ఒక్క రోజుల రెజ్యూమ్ అనే పేరుతోటే ముప్పై ఫైళ్ళుండేవి.

మా తమ్మునిది రాత్రి పదకొండు దాకా కూసొని చేసినం, ఒక్క పేజీ, ఒక్క కాలమ్, తెల్లగ, చూడనీకె ఏం అందం లేదు, వాడు కొంచెం మొకం చిన్నగ చేసుకున్నడు గూడ. ఆ కాన్వాది పారేయకు, కాలేజ్ ఫెస్ట్ పోస్టర్లకు పనికొస్తది అన్న. తెల్లారి కాజీపేటల సికింద్రాబాద్ ట్రైన్ ఎక్కేముందు పది ప్రింట్లు తీసుకుంట అని పెన్‌డ్రైవ్ అడిగిండు, వద్దన్న. నీ మెయిల్ నుంచి నీ మెయిల్‌కే పంపుకో, ఏ జిరాక్స్ షాపులనైనా ఓపెన్ చేసి తీసుకోవచ్చు, అయిపోయినంక లాగౌట్ కొట్టుడు మాత్రం మర్వకు. షాపుల పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ ఎక్కి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయితయి, రెండేండ్లు ఆ కంప్యూటర్ల ముందు కూసున్నోన్ని, నాకు తెలుసు.